ఆ వేసవి ఎవరి పుణ్యం?

తమ్ముడు: మొన్న పెళ్లిలో పిన్నివాళ్లతో నువ్వన్న మాట నాకింకా మింగుడుపడలేదక్కా. "ఆ లాక్‌డౌన్ రోజులకు దండం పెట్టుకోవాలి" అన్నావు. చుట్టూ కూర్చున్నవాళ్లంతా తలలూపారు. ఇంటిల్లిపాదీ కలిసి అన్నం తిన్నామని ఒకళ్లు, దూరదర్శన్‌లో రామాయణం మళ్లీ చూశామని ఒకళ్లు, పిల్లలకు అష్టాచెమ్మా నేర్పామని ఇంకొకళ్లు. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు టీవీలో చెప్పారు, అర్ధరాత్రి నుంచి దేశమంతా బందని. మధ్యలో ఉన్నది నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో మనలాంటివాళ్లం కిరాణా కొట్టుకు పరుగెత్తాం. మేడ్చల్ రోడ్డు మీద నేను చూసినవాళ్లకు కొట్టుకెళ్లడానికి చేతిలో డబ్బుల్లేవు. కూలి ఆగిపోయింది, మేస్త్రీ ఫోనెత్తడం మానేశాడు, గది యజమాని అద్దె అడుగుతున్నాడు. నెత్తిన మూట, చంకన పిల్ల, కాళ్లకు హవాయి చెప్పులు. నాగపూర్ వైపు నడిచిపోతున్నారు, అక్కణ్ణుంచి ఇంకా పైకి. ఆ రోజులకా దండం?

అక్క: ఆ రోజులకు కాదురా, ఆ రోజుల్లో నాకు దక్కినదానికి. ఆ రెండూ ఒకటేనని నువ్వంటావు, కాదని నేనంటాను. నా సంగతి కూడా విను. నా పెళ్లయ్యాక నాన్న నా ఇంట్లో వరసగా రెండు రాత్రులు పడుకున్నది లేదు. పొద్దున దిగి మనవరాలిని చూసుకుని, సాయంత్రం మళ్లీ బస్సెక్కేసేవాడు. "కూతురింట్లో తిష్టవేశాడంటారమ్మా" అనేవాడు. అమ్మయితే నా ఇంటికొచ్చినా మీ బావ తినేదాకా కంచం ముందు కూర్చునేది కాదు. ఆ ఏడు ఉగాదికని ముందు శనివారం వచ్చారు. మర్నాడు జనతా కర్ఫ్యూ. ఆ రాత్రికే తెలంగాణ మూసేస్తున్నామన్నారు. బుధవారం ఉగాది, దేశమంతటికీ అదే లాక్‌డౌన్ మొదటి రోజు. అటు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర హైదరాబాద్ హాస్టళ్ల నుంచి సొంతూళ్లకు బయల్దేరిన కుర్రాళ్లనే ఆపేశారు, వీళ్లిద్దరూ రేపల్లె ఎలా వెళ్తారు? అలా నా ఇంట్లో ఉండిపోయారు.

మొదట్లో నాన్న హాల్లో కుర్చీ అంచున కూర్చునేవాడు. రెండో కాఫీ అడగడానికి మొహమాటపడేవాడు. తెచ్చుకున్నవి రెండు పంచెలు, ఒకటి ఆరేసి ఒకటి కట్టుకునేవాడు. నెల తిరిగేసరికి పొద్దున్నే గోరుచిక్కుళ్ల పళ్లెం తనే ముందుకు లాక్కుని ఈనెలు తీస్తూ, పిల్లకు లెక్కలు చెప్పేవాడు. మేలో ఆవకాయ పెట్టుకున్నాం. కాయలు కొట్టేవాడు దొరకలేదు. హాల్లో గోనెపట్టా పరుచుకుని నాన్నే కొట్టాడు. ప్రతి ముక్కకూ టెంక అంటిపెట్టుకుని ఉండాలని ఆయన పట్టుదల. మీ బావ పక్కన కూర్చుని జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో తుడిచి ఇస్తుంటే, "అల్లుడుగారూ, తడి తగలనివ్వకండి" అంటూ నాన్న ఆయన్ను అదిలించడం విన్నాను. అల్లుడి ముందు కాలు మీద కాలు వేసుకోవడానికే జంకే మనిషి! పెళ్లయిన ఆడపిల్లకు కన్నవాళ్లు తన సొంత వంటింట్లో, తన గిన్నెల మధ్య, చుట్టాలుగా కాకుండా మనుషులుగా ఎన్ని రోజులు దొరుకుతారు? నీకది తెలియదు. నీకు వాళ్లు ఎప్పుడూ ఉన్నారు. నాకు ఆ ఒక్క వేసవే ఉంది.

తమ్ముడు: అది కాదనను. నిజానికి నేనీ వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. కొడుకింట్లో ఉంటే హక్కు, కూతురింట్లో ఉంటే తప్పు అన్న ఆచారాన్ని ఒక ప్రభుత్వ ఉత్తర్వు కొన్నాళ్లు పక్కకు నెట్టింది. అంతవరకూ నీ ఆనందం న్యాయమైనదే. కానీ అక్కా, నువ్వు ఆనందపడ్డానని ఊరుకోవు, దేవుడి దయ అంటావు. నా అభ్యంతరం అక్కడ మొదలవుతుంది. ములుగు జిల్లా మిరప తోటల్లో కాయలు కోయడానికి ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా నుంచి వచ్చినవాళ్లలో పన్నెండేళ్ల పిల్ల ఉంది. పని ఆగిపోయింది, బస్సుల్లేవు. ఏప్రిల్ నడిమధ్యలో తోటివాళ్లతో కలిసి అడవి దారిన నడక మొదలుపెట్టింది. మూడు రోజులు నడిచి, ఏప్రిల్ 18న ఇంకాసేపట్లో ఇల్లు చేరుతుందనగా పడిపోయింది. ఒంట్లో నీరు లేదు, సత్తువ లేదు. తర్వాత పరీక్ష చేస్తే కరోనా కూడా లేదని తేలింది. నీ ఇంటి మీద ఆయన దయ కురిసిందంటే ఆ దారి మీద ఏం కురిసినట్టు? ఒక ఇంటిని ఎంచి కాపాడిన దేవుడు ఇంకో పిల్లను ఎంచి వదిలేశాడని ఒప్పుకోవాలి కదా.

అక్క: ఒప్పుకోను. దేవుడు మమ్మల్ని ఎంచుకున్నాడని నేనెప్పుడూ అనుకోలేదు. ఎంచుకోవడానికి మాలో ఉన్న గొప్పేమిటి? ఎవరో లెక్కలు చూసి నాకు జీతం ఇచ్చినట్టు కాదది. నా వల్ల కానిది, నేను సంపాదించనిది, నా చేతికి వచ్చింది. అలాంటిది అందినప్పుడు మనిషికి చేతులు జోడించాలనిపిస్తుంది. ఎదురుగా ఎవరున్నారో తేలాకే జోడిస్తానంటే ఆ చేతులు ఎన్నటికీ కలవవు.

ఇంకో మాట. పక్కన ఎవరూ ఏడవని రోజునే మన ముద్దకు దండం పెట్టుకోవాలంటే, ఈ దేశంలో ఏ ఒక్కరూ ఏ పూటా పెట్టుకోలేరు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమలో ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి, వేలమంది పోయారు. కృష్ణకు ఇవతల మన ఊళ్లో ఇళ్లపైన తాటాకు లేచిపోయింది కానీ మనుషులు మిగిలారు. నాయనమ్మ బతికినన్నాళ్లూ ఏటా ఆ తేదీకి కుంచెడు బియ్యం బయట పెట్టి, ముందు ఎవరొస్తే వాళ్లకు ఇచ్చేది. "మన గోడ నిలబడింది" అనేది. పోయినవాళ్లను అవమానించడానికి అన్నదా ఆవిడ?

తమ్ముడు: లేదు. పైగా నువ్వు చెప్పినదాంట్లోనే నా జవాబు ఉంది. నాయనమ్మ దండం గడప లోపల ఆగలేదు, కుంచంలో పడి బయటికెళ్లింది. ఇక రెండోది, ఉప్పెన ఎవరూ సంతకం పెట్టి పంపింది కాదు. లాక్‌డౌన్ ఒక నిర్ణయం. ఎవరు ఇంట్లో ఉండగలరో, ఎవరికి ఇల్లే లేదో తెలిసి తీసుకున్న నిర్ణయం, లేదా తెలుసుకోకుండా తీసుకున్న నిర్ణయం. మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది మన లింగంపల్లి నుంచే. మే 1 తెల్లవారుజామున దాదాపు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు. ఎక్కినవాళ్లలో ఐఐటీ హైదరాబాద్ భవనాలు కట్టే కూలీలు ఉన్నారు. దానికి రెండు రోజుల ముందు కందిలో వాళ్లు రోడ్డెక్కి, జీతాలివ్వండి, మమ్మల్ని ఇళ్లకు పంపండని గొడవ చేశారు. ఆ తెల్లవారుజామున రైలు నడిచినప్పుడు నాకు సంతోషం కలగలేదు, కడుపు మండింది. మే 1న నడవగలిగిన రైలు మార్చి 25న ఎందుకు నడవలేదు? మధ్యలో ఐదు వారాలకు పైగా పోయాయి. నీకు నాన్న దక్కిన వారాల్లోవే అవి. మన ఊళ్లో గోడ నిలబడినందుకు దివిసీమలో ఎవరి గోడా కూల్చలేదు. కానీ నీ ఇంటి నెమ్మదికి, వాళ్ల నడకకు సంతకం ఒకటే.

అక్క: ఇది గట్టి మాటే. ఉప్పెనతో పోల్చి నేను దాటేయలేను. కానీ నువ్వు కూడా ఒకటి చెప్పు. అసలు లాక్‌డౌనే వద్దంటావా?

తమ్ముడు: అనను. అప్పటికి ఆ జబ్బేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. మందు లేదు, టీకా లేదు. ఆ వారాల్లోనే ఆసుపత్రులు పడకలు సర్దుకున్నాయి, టెస్టులు పెరిగాయి. నాన్నకు బీపీ, షుగరూ ఉన్నాయి. మూసెయ్యకపోతే ఆ వేసవిలోనే పోయి ఉండేవాడేమో, చెప్పలేను. మూసిన పద్ధతి గురించి నా కోపం. నాలుగు రోజులు గడువిచ్చి, రైళ్లు నడిపి, రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదని అడక్కుండా బియ్యం పోసి మూసి ఉండొచ్చు.

అక్క: అయితే ఆ కోపం ఢిల్లీకి చెందాలి. దాన్ని తెచ్చి నా వంటింటి లెక్కలో ఎందుకు రాస్తావు? ఉత్తర్వు నేను రాయలేదు. దాని కింద నీలాగే, వాళ్లలాగే నేనూ ఉన్నాను. ఆ ఏప్రిల్‌లో నిజామాబాద్ జిల్లా టీచరమ్మ ఒకావిడ నెల్లూరు జిల్లాలో చిక్కుకుపోయిన కొడుకు కోసం ఒంటరిగా స్కూటీ వేసుకుని వెళ్లింది. రానూపోనూ 1,400 కిలోమీటర్లు. పిల్లాడిని ఎక్కించుకుని ఇల్లు చేరింది. ఆ తల్లి గడప దగ్గర దండం పెట్టుకుని ఉంటే, "ఆగమ్మా, ఇంకో తల్లి కొడుకు ఇంకా రోడ్డు మీదే ఉన్నాడు" అంటావా నువ్వు?

తమ్ముడు: అనలేను. అంటే మనిషిని కాను. కానీ నేను విలేకరిని, ఇంకోటి కూడా చూడాలి. ఆవిడకు స్కూటీ ఉంది, పోలీసు అధికారి ఇచ్చిన ఉత్తరం ఉంది, చెక్‌పోస్టు దగ్గర నాలుగు మాటలు మాట్లాడగల చదువుంది. ధైర్యం ఆవిడదే. దారి మాత్రం ఆ ఉత్తరం ఇచ్చింది. మేడ్చల్‌లో నేను చూసిన తల్లుల దగ్గర ధైర్యం తక్కువేమీ లేదు, ఆ ఉత్తరమే లేదు. ఇలాంటి తేడాలన్నీ మన దండంలో పడి కనపడకుండా పోతున్నాయని నా బాధ. ఆ రోజుల్లో నేను రాసినవి మన ఇంట్లోనే ఎవరూ చదవలేదు. మీ అపార్ట్‌మెంట్‌లోకి పేపరు రావడమే ఆపేశారు, కాగితానికి వైరస్ అంటుకుని వస్తుందని.

అక్క: నాన్న చదివాడు.

తమ్ముడు: ఎక్కడ?

అక్క: ఫోనులో. పిల్ల చేత అక్షరాలు పెద్దవి చేయించుకుని చదివించుకునేవాడు. నీ వార్త కనపడితే మాత్రం "నువ్వెళ్లి ఆడుకో" అని దాన్ని పంపేసి, తనే ముక్కు దగ్గర పెట్టుకుని చదివేవాడు. చదివాక మధ్యాహ్నం అన్నం సరిగ్గా తినేవాడు కాదు. పులిహోర పొట్లాల ఆలోచన అలా వచ్చిందే. అమ్మ పొద్దున నాలుగింటికి లేచి చింతపండు పులుసు ఉడకబెడితే, మా అంతస్తులో ఇంకో ముగ్గురు ఆడవాళ్లు అన్నం వార్చి పంపారు. మీ బావ గేటు దాకా తెచ్చిపెడితే నీ బండి మీదే కదా మేడ్చల్ పోయింది? ఆ పొట్లాలు కోపంతో కట్టినవి కావురా. "మనకు ఉంది కదా, దేవుడిచ్చాడు కదా" అనుకుంటూ అమ్మ కట్టింది. నీ కోపం వార్త రాయించింది. ఆవిడ దండం అన్నం వండించింది. ఆ రోడ్డు మీద ఉన్నవాళ్లకు ఆ పూట ఏది ముందు కావాలి?

తమ్ముడు: అన్నమే. నాకు ఇంకో అనుమానం లేదు. బండి ఆపగానే నా చుట్టూ చేరిన చేతులు ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి. అమ్మ చేసింది నేను ఎన్ని వార్తలు రాసినా చేయలేనిది. అదీ ఒప్పుకుంటాను. ఇప్పుడు ఆ నాలుగింటికి లేచిన అమ్మ గురించే అడుగుతాను. ఇంట్లో ఐదుగురు. పనిమనిషిని గేటు దగ్గరే ఆపేశారు. మూడు పూటలా వంట, గిన్నెలు, బట్టలు, పాలప్యాకెట్లు కూడా సబ్బునీళ్లతో కడగడం. ఎవరు చేశారు? ఆ ముందు ఏడాది కేంద్ర ప్రభుత్వమే దేశమంతా తిరిగి సర్వే చేసింది, ఎవరి సమయం దేనికి పోతోందని. జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లకు రోజుకు సగటున 299 నిమిషాలు పోతున్నాయి, మగవాళ్లకు 97. ఆ 97 కూడా పని ముట్టుకునే మగవాళ్ల సగటు. నూటికి 26 మందే ముట్టుకుంటున్నారు. లాక్‌డౌన్‌లో ఇల్లంతా కలిసి తిన్నామని మురిసిపోయిన ప్రతి ఇంట్లోనూ ఆ కంచాలు కడిగిన చేతులు ఒకరిద్దరివే. "మా ఇల్లు స్వర్గమైంది" అన్న మాట ఎక్కువగా మగవాళ్ల నోట విన్నాను నేను. ఇంకొందరికి ఆ ఇల్లు స్వర్గం కూడా కాదు. జాతీయ మహిళా కమిషన్ ఆ ఏప్రిల్‌లో ప్రత్యేకంగా వాట్సాప్ నంబరు పెట్టాల్సి వచ్చింది. కొట్టేవాడితో ఒకే కప్పు కింద ఇరవై నాలుగు గంటలూ ఉన్న మనిషి గొంతెత్తి ఫోను కూడా చేయలేదు కాబట్టి.

అక్క: ఇది నాకు నువ్వు చెప్పాల్సిన పని లేదు. మా పైఫ్లాటులో ఏం జరిగేదో గోడలకు తెలుసు, మాకూ తెలుసు. ఆవిడకు ఆ వేసవి పేరెత్తితేనే ఒళ్లు జలదరిస్తుంది. ఆవిడ ముందు నేనీ దండం మాట ఎన్నడూ అనను. అనకూడదని నాకెవరూ చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో పని సంగతి అడిగావు. చేసింది అమ్మా నేనూ. నడుము పడిపోయేది. రాత్రి పదింటికి సింకు ముందు నిలబడి ఏడ్చిన రోజులున్నాయి. మూడో వారం కాబోలు, మీ బావ వచ్చి నన్ను పక్కకు జరిపి గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. హాల్లో మామగారు ఉన్నారు, చూస్తున్నారు. ఆ తర్వాత రోజూ రాత్రి సింకు ఆయనదే. పాలగిన్నె అడుగంటితే ఎంత సేపు తోమాలో మొదటిసారి ఆయనకు తెలిసింది. ఇంత పని ఉంటుందని నాకు తెలియదన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు! అయినా ఆ మాట కోసం నేనెంత కాచుకుని ఉన్నానో అన్నాకే నాకు తెలిసింది.

తమ్ముడు: ఇప్పుడు తోముతున్నాడా?

అక్క: లేదు. ఆఫీసు తెరిచాక వారానికి రెండుసార్లయింది, పనమ్మాయి వచ్చాక అదీ పోయింది. పొద్దున కాఫీ మాత్రం ఆయనే కలుపుతాడు. అదొక్కటే మిగిలింది.

తమ్ముడు: మరి దేనికి దండం?

అక్క: ఆయన గిన్నెలు తోమినందుకు కాదు. అది ఆయన చేయాల్సిన పని, దానికి నేను రుణపడాల్సిందేమీ లేదు. ఆ సంగతి ఇద్దరం ఎరిగినందుకు. ఒకసారి చూసిన మనిషి చూడనట్టు నటించవచ్చు కానీ చూడని మనిషి కాలేడు. ఇవాళ నేను గొంతు పెంచి అడిగితే ఆయన తలదించుకుంటాడు, వాదించడు. ఇది నీ లెక్కలో చిన్నదే కావచ్చు. ఆ కొంచెం కూడా దొరకని ఆడవాళ్లు ఎంతమందో నీ సర్వేనే చెబుతోంది.

తమ్ముడు: సరే. పనమ్మాయి మాట వచ్చింది కాబట్టి అదీ అడుగుతాను. జీతం ఇచ్చావా?

అక్క: ఇచ్చాను. ఏప్రిల్, మే, జూన్. పని లేకపోయినా నెలనెలా ఫోన్‌పే చేశాను. బియ్యం కూడా పంపాను. ఆ అమ్మాయి ఈరోజుకీ అందరికీ చెబుతుంది, "అక్క నా పిల్లల కడుపు నింపింది" అని. అది వింటుంటే నాకు ఎటు చూడాలో తెలియదు.

తమ్ముడు: తెలియకపోవడానికి కారణం ఉందక్కా. నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నదీ అదే. ఎన్నో ఏళ్లుగా నీ ఇల్లు ఊడ్చిన మనిషి, సెలవు జీతం తన హక్కు. నీ ఆఫీసు నీకు ఆ మూడు నెలలూ జీతమిస్తే నువ్వు పడి దండం పెట్టలేదు, రావాల్సింది వచ్చిందనుకున్నావు. తనకు మాత్రం అది నీ దయ అయింది. ఆ ఏడాది దేశమంతటా ఇదే జరిగింది. తెల్లకార్డుకు 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు మన దగ్గర. వలస కూలీకి 12 కిలోలు, 500 రూపాయలు. మంచి పనే, ఆకలి తీరింది. కానీ ఆ సంచి అందుకునేటప్పుడు నవ్వుతూ ఫోటోకు నిలబడాలి. అన్నం పొట్లం ఇస్తూ పదిమంది చేతులు ఒక ముసలాయన చేతి మీద వేసి ఫోటో దిగడం నేను చూశాను. తీసింది మా పత్రిక ఫోటోగ్రాఫరే. పోగొట్టుకున్నవాడు చేతులు జోడించాలి, ఇచ్చినవాడు అందుకోవాలి. బాకీ ఉన్నవాళ్ల వైపు నుంచి అది ఎప్పుడైనా కిందికి వెళ్లిందా? మార్చి 22 సాయంత్రం 5 గంటలకు చప్పట్లు కొట్టాం, పళ్లేలు మోగించాం. మే 3న హెలికాప్టర్ గాంధీ ఆసుపత్రి మీద పూలు చల్లింది. జూలై వచ్చేసరికి అదే ఆసుపత్రిలో అవుట్‌సోర్సింగ్ నర్సులు జీతం పెంచండి, ఉద్యోగం పర్మనెంట్ చేయండని సమ్మెకు కూర్చున్నారు. పూలకు ముందుకొచ్చిన చేతులు జీతం దగ్గర ఆగిపోయాయి. అందుకే నాకు ఈ దండాలంటే భయం. బాకీ తీర్చడానికి బదులుగా వాడుతున్నారు.

అక్క: దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు. ఆ అమ్మాయి నాకు దండం పెట్టినప్పుడు ఏదో తప్పు జరుగుతోందని తెలిసింది కానీ అదేమిటో ఇలా విడమరిచి చెప్పుకోలేకపోయాను. అడిగి పుచ్చుకునే దండం, ఫోటో కోసం పెట్టించుకునే దండం నాకూ అక్కర్లేదు. కానీ దొంగనోట్లు ఉన్నాయని ఎవరూ నోటు వాడడం మానేయరు కదా. నన్నెవరూ అడగలేదు. ఏ ఫోటోలోనూ లేదు. తెల్లవారుజామున నాన్న బాల్కనీలో నిలబడి, రోడ్డు మీద ఒక్క బండి కూడా లేకపోతే పిట్టల అరుపులు విని, "అమ్మాయ్, మన పొలం గట్టు మీద వినపడినట్టే వినపడుతోంది" అని నన్ను పిలిచాడు. పళ్లు తోముకుంటూనే వెళ్లి పక్కన నిలబడ్డాను. అప్పుడు నాలో కలిగినదానికి ఎవరికి బాకీ కట్టాలి నేను?

తమ్ముడు: దానికి ఎవరికీ కట్టక్కర్లేదు.

అక్క: మరి వదిలెయ్. ఎందుకంటే నాకు ఆ తర్వాత ఏం మిగిలిందో నీకు తెలుసు. జూన్‌లో దారి తెరవగానే వాళ్లు ఊరెళ్లిపోయారు. తర్వాతి మే నెలలో నాన్నకు వచ్చింది. గుంటూరులో చేర్చావు. అటు కర్ఫ్యూ, ఇటు మళ్లీ లాక్‌డౌన్. నర్సు ఎవరో పుణ్యాత్మురాలు ఫోను పట్టుకుని వీడియోలో చూపించింది, మాస్కు వెనక కళ్లు మాత్రం కదిలాయి. అంతే. నేను చివరిసారి ఆయన చెయ్యి పట్టుకున్నది మా గుమ్మం దగ్గర, కారెక్కేటప్పుడు. ఆ వేసవికి దండం పెట్టొద్దని నువ్వంటే, నాకు ఆ ఫోను తెర ఒక్కటే మిగులుతుంది. అదే నాన్న అనుకుని బతకాలి. అది నాకు చేతకాదు.

తమ్ముడు: నేను శ్మశానం గేటు దగ్గర ఉన్నాను. నలుగురు కుర్రాళ్లు దించారు. నీలం గౌన్లు, ప్లాస్టిక్ కళ్లద్దాలు. ఎండ మాడిపోతోంది, ఒకతను మధ్యలో ఆగి గోడకు ఆనుకున్నాడు, వాంతి వస్తున్నట్టు. మళ్లీ వచ్చి పట్టుకున్నాడు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. కొడుకు చేయాల్సింది వాళ్లు చేశారు. డబ్బివ్వబోతే ముగ్గురు తీసుకున్నారు, ఆ వాంతి వచ్చినతను మాత్రం, "మా నాయన్ని కూడా నిన్ననే దించాం సార్" అన్నాడు. పేరడగలేదు. అడిగే తెలివి లేదు ఆ పూట. వాళ్లంతా కాంట్రాక్టు మనుషులని, రోజుకింతని ఇస్తారని తర్వాత తెలుసుకున్నాను. నా దండమంతా అక్కడుంది. మొహం కనపడని మనుషుల దగ్గర. పైకెత్తి ఆకాశానికి పెట్టేద్దామంటే మనసొప్పడం లేదు, వాళ్లది ఇంకెవరికో ఇచ్చేసినట్టు ఉంటుంది.

అక్క: ఆ వేసవి నీకు దక్కలేదు కదరా. ఒకే ఊళ్లో ఉండి గేటు దగ్గర సంచి పెట్టి వెళ్లిపోయేవాడివి. పైకి చూసి చెయ్యి ఊపేవాడివి. రోడ్లన్నీ తిరుగుతున్నాను, నాన్నకు అంటిస్తానేమో అనేవాడివి. నీకు లేనిది నాకుందనే కోపం కూడా కొంత ఉందా ఇందులో?

తమ్ముడు: ఉంది. కొంత కాదు, బాగానే ఉంది. కానీ అక్కా, నేను ఏడ్చి చెప్పినా నవ్వి చెప్పినా ఆ రైళ్లు ఐదు వారాలు ఆగిన మాట ఆగినట్టే ఉంటుంది. నా కడుపుమంట ఎక్కడి నుంచి వచ్చిందని అడిగి దాన్ని కొట్టేయకు.

అక్క: కొట్టేయను. నువ్వు కూడా నాకు దక్కింది కదా అని నా మాటను కొట్టేయకు. దక్కినదాన్ని గురించి దక్కినవాళ్లే కదా చెప్పాలి.

ఒకటి మాత్రం నిన్ను అడగాలి. పిల్ల మొన్న ఒక మాటంది. "మళ్లీ లాక్‌డౌన్ వస్తే బాగుండమ్మా" అని. అప్పుడు ఏడేళ్లు, ఇప్పుడు పన్నెండు. దానికి లాక్‌డౌన్ అంటే తాతయ్య. గోరుచిక్కుళ్ల లెక్కలు. నాకు నోట మాట రాలేదు.

తమ్ముడు: ములుగు నుంచి నడిచిన పిల్లకూ పన్నెండే. చెప్పక్కా.

అక్క: చెబుతాను, వినే వయసు వచ్చింది. ఎలా చెప్పాలన్నదే. "నువ్వు తాతయ్యతో ఆడుకుంటున్న రోజుల్లోనే ఆ పిల్ల చచ్చిపోయింది" అంటే దానికి ఉన్న ఒక్క జ్ఞాపకాన్నీ ముట్టుకోవడానికి భయపడుతుంది. ఆ పిల్ల కోసం ఏడవదు, తను తప్పు చేశాననుకుని ఏడుస్తుంది. తాతయ్య సంగతి ఒక రోజు, ఆ పిల్ల సంగతి ఇంకో రోజు చెప్పాలి.

తమ్ముడు: వేర్వేరు రోజుల్లో చెబితే వేర్వేరు దేశాల్లో జరిగాయనుకుంటుంది. మనమంతా అప్పుడు అలాగే అనుకున్నాం. నాన్న దాన్ని ఆడుకోమని పంపేసి చదివాడంటే అర్థముంది, అప్పుడది చిన్నపిల్ల. ఇప్పుడు కూడా పంపేస్తావా? మేడ్చల్ రోడ్డు మీ ఇంటికి అరగంట దూరం. ఒకే పూట చెప్పాలి. తప్పు తనది కాదని కూడా అదే పూట చెప్పాలి. మరి ఎవరిదని అది అడుగుతుంది. అడగనీ.

అక్క: దానికి నా దగ్గర జవాబు లేదు.

తమ్ముడు: నా దగ్గర ఉంది. అది విన్నాక తాతయ్యను తలుచుకుంటే ఏమవుతుందన్నదానికి మాత్రం లేదు.

అక్క: అయితే ఆదివారం ఇంటికి రా. నాన్న సంగతి నేను చెబుతాను, రోడ్డు సంగతి నువ్వు చెప్పు. ఏది ముందు చెప్పాలో పోట్లాట వస్తే దాని ముందే పోట్లాడుకుందాం. లోపలికి పంపను.